వెలుగుకు కాంటా

ముత్తంగి దాటి ఇస్నాపూర్ వైపు పోతుంటే హైవే పక్కన ధర్మకాంటల దగ్గర రాత్రిళ్లు లారీలు వరస కట్టి ఉంటాయి. పాశమైలారం ఫ్యాక్టరీలకు సరుకు మోసేవి కొన్ని, అక్కడి నుంచి డ్రమ్ములతో బయటికొచ్చేవి కొన్ని. ఇంటికి ఇసుక తోలించుకునే రోజుల్లో, ఓ వాన రాత్రి, నేనూ అలాంటి ఒక కాంటా గదిలో అరగంట నిలబడ్డాను. నా లారీ ఇంకా రోడ్డు మీదే ఉంది. ప్లాట్‌ఫారం ఖాళీ. తెర మీద ఎర్రంకెలు మాత్రం 140 చూపిస్తున్నాయి.

"అన్నా, బండి ఎక్కనే లేదు, అప్పుడే నూట నలభై కిలోలేంది?" అన్నాను.

"బురద సార్. టైర్లకు అంటుకొచ్చిన మట్టి, మీద నిలిచిన నీళ్లు... అన్నీ బరువే గదా. మీ బండి ఎక్కే ముందల జీరో కొడ్త. మర్చిపోయిన్ననుకో, ఆ నూట నలభై మీ ఖాతాల పడ్తది" అన్నాడు కాంటా కుర్రాడు నవ్వుతూ.

ఏళ్ల తర్వాత లద్దాఖ్‌లోని ఒక టెలిస్కోపు కెమెరా గురించి చదువుతుంటే ఆ నూట నలభై మళ్లీ గుర్తొచ్చింది. ఆ కెమెరాలో 1088 కాంటాలున్నాయి. అవి తూచేది వెలుగును. ఒక్కో తూకానికి దొరికే సమయం సెకనులో వంద కోట్లవ వంతులు ఓ ఐదారు. అక్కడా ప్రతి రాత్రీ ముందు చేసే పని జీరో కొట్టడమే.

మన ఊళ్లోనే బిగించి చూసిన యంత్రం

ఆ టెలిస్కోపు పేరు మేస్. లద్దాఖ్‌లోని హాన్లేలో, సముద్రమట్టానికి దాదాపు 4,300 మీటర్ల ఎత్తున ఉంది. 2024 అక్టోబర్ 4న అణుశక్తి శాఖ కార్యదర్శి అజిత్ కుమార్ మొహంతి ప్రారంభించారు. గామా కిరణాలు గాలిలో పుట్టించే మెరుపును పట్టే ఈ తరహా టెలిస్కోపుల్లో ఆసియాలో ఇదే పెద్దది, ప్రపంచం మొత్తం మీద ఇదే ఎత్తయిన చోట ఉన్నది. ముంబయిలోని అణు పరిశోధన కేంద్రం బార్క్ ఆధ్వర్యంలో దీన్ని కట్టింది మాత్రం మన హైదరాబాద్ ఈసీఐఎల్, మరికొన్ని దేశీయ పరిశ్రమలతో కలిసి.

ఈసీఐఎల్ అంటే మనవాళ్లకు ఒకప్పుడు టీవీలు, తర్వాత ఓటింగ్ యంత్రాలు. పటాన్‌చెరు నుంచి చూస్తే నగరానికి ఆ చివర, ఔటర్ ఎక్కితే సగం చుట్టు తిరగాలి. 1967లో దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావుది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. ఏఎస్ రావు నగర్ బస్సెక్కేవాళ్లలో ఎందరికి ఆ పేరు ఎవరిదో తెలుసో గానీ, అణు పరిశోధనకు కావలసిన ఎలక్ట్రానిక్స్ మనమే చేసుకోవాలని పట్టుబట్టిన మనిషి ఆయన. చంద్రయాన్-1 మాటలు వినడానికి బెంగళూరు దగ్గర బ్యాలాళులో నిలబెట్టిన 32 మీటర్ల యాంటెనా కూడా ఈసీఐఎల్ చేతి పనే.

మేస్‌ను కూడా ముందు హైదరాబాద్‌లోనే బిగించి చూశారు. 21 మీటర్ల వెడల్పున్న అద్దాల పళ్లెం, దాన్ని మోసే ఉక్కు చట్రం, అన్నీ కలిపి 180 టన్నుల దాకా బరువు. అద్దం ఒకటే పెద్ద ముక్క కాదు. 356 పలకలు, పలకకు నాలుగు చొప్పున 1,424 చిన్న అద్దాలు. గాజువి కూడా కావు, వజ్రపు ములికితో చెక్కి నునుపు చేసిన అల్యూమినియం. మొత్తాన్ని విప్పి, లారీలకెత్తి, హిమాలయాలు దాటించి, అక్కడ మళ్లీ బిగించారు.

హాన్లేయే ఎందుకు? రాత్రి పదింటికి పటాన్‌చెరులో ఓ మేడ ఎక్కి చూడండి. ఫ్యాక్టరీల సోడియం దీపాలు, ఔటర్ మీది లైట్లు, గాలిలోని పొగ, అన్నీ కలిసి ఆకాశం పలచని నారింజ రంగు దుప్పటి కప్పుకుని ఉంటుంది. సప్తర్షుల్లో ఏడుగురినీ లెక్కపెట్టగలిగితే అదృష్టమే. కంది ఐఐటీలో టెలిస్కోపు పెట్టి చూసే పిల్లలకు ఇదో రోజువారీ గోడు. మేస్ వెతికే వెలుగు చుక్కల వెలుగు కన్నా కూడా బలహీనం. అందుకే హాన్లే లాంటి చీకటి చోటు కావాల్సొచ్చింది.

నేలకు రాని కిరణాన్ని నేల మీద నుంచి చూడటమెలా?

గామా కిరణాలు గాలిని దాటి రాలేవు. రాకపోవడమే మన ప్రాణానికి మంచిది. మరి నేల మీద గామా టెలిస్కోపు పెట్టి ఏం లాభం?

గామా కిరణం వాతావరణం పైపొరల్లో ఒక అణువును తాకగానే అంతమైపోతుంది. కానీ దాని శక్తి ఎక్కడికీ పోదు. ఒక ఎలక్ట్రాన్, దాని కవల పాజిట్రాన్ పుడతాయి. అవి ముందుకు దూకుతూ మళ్లీ గామా కిరణాలను పుట్టిస్తాయి, వాటి నుంచి మళ్లీ ఎలక్ట్రాన్లు. కొండ మీద దొర్లిన ఒక్క రాయి వంద రాళ్లను లేపినట్టు, నేలకు ఓ పది కిలోమీటర్ల ఎత్తుకు వచ్చేసరికి అదొక జల్లవుతుంది. ఆ జల్లులోని ఎలక్ట్రాన్లు గాలిలో వెలుగు పోయే వేగం కన్నా ఎక్కువ వేగంతో పోతుంటాయి. శూన్యంలో వెలుగును ఏదీ దాటలేదు. గాలిలో మాత్రం వెలుగు పదివేలలో ఓ మూడు వంతుల మేర నెమ్మదిస్తుంది. ఆ కాస్త సందే చాలు. వేగంగా పోయే పడవ వెనక నీటి మీద అల విచ్చుకున్నట్టు, ఆ ఎలక్ట్రాన్ల వెనక నీలి వెలుగు అల విచ్చుకుంటుంది. 1934లో రష్యన్ శాస్త్రవేత్త చెరెంకోవ్ ద్రవాల్లో ఈ వెలుగును పట్టుకున్నాడు. 1958లో ఫ్రాంక్, టామ్‌లతో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఆకాశంలోనూ ఈ మెరుపు ఉంటుందని 1953లో ఇంగ్లండ్‌లో గాల్‌బ్రెయిత్, జెల్లీ అనే ఇద్దరు తేల్చారు. వాళ్ల టెలిస్కోపు ఒక చెత్తబుట్ట, అడుగున చిన్న అద్దం, పైన ఒక కాంతి గొట్టం. అంతే.

ఈ నీలి వెలుగు నేల మీద 250 మీటర్ల వెడల్పున చిన్న చెరువంత మేర పరుచుకుంటుంది. మందం మాత్రం మీటరు, మీటరున్నర. వెలుగుతో చేసిన ఒక పళ్లెం ఆకాశం నుంచి జారి పడుతోందనుకోండి. దాని దారిలో మీ అద్దం ఉంటే పట్టుకున్నారు, లేకుంటే పోయింది. పడే సమయం కొద్ది నానోసెకన్లే. నానోసెకను అంటే వెలుగు ఒక అడుగు దూరం నడిచే సమయం. బలమైన గామా కిరణం, అంటే మామూలు వెలుతురు కణం కన్నా లక్ష కోట్ల రెట్ల దాకా శక్తి ఉన్నది, పైన తగిలినా రెండు వేల మీటర్ల ఎత్తున చదరపు మీటరుకు రాలేది ఓ వంద నీలి కణాలు. మేస్ వెతికే చిన్న కిరణాలకు అందులో కొద్ది భాగమే. పళ్లెం 21 మీటర్లు ఎందుకైందో ఇక్కడ అర్థమవుతుంది.

వేటాడాల్సింది ఇదొక్కటే అయితే బాగుండేది. అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్లు కూడా ఇలాంటి జల్లులే కురిపిస్తాయి, గామా కిరణాల కన్నా వేల రెట్లు ఎక్కువగా. రెంటికీ తేడా ఆకారంలోనే. గామా జల్లు కెమెరాలో వరిగింజలా సన్నగా, కోలగా పడుతుంది. గింజ కొస తను బయల్దేరిన చుక్క వైపు చూపిస్తుంది. ప్రోటాన్ జల్లు చాటలోంచి ఒలికిన తవుడులా చెదిరి ఉంటుంది. వరిగింజను తవుడు నుంచి ఏరడమే ఈ శాస్త్రమంతా. అందుకే కెమెరాలోని ఒక్కో కాంటా, అంటే ఒక్కో కన్ను, ఎంత వెలుగు చూసిందో కచ్చితంగా తెలియాలి. పక్కపక్క కళ్లు కొన్ని తక్కువ చూపిస్తే మంచి వరిగింజకు కాటు పడి, తవుడు లెక్కలో కొట్టుకుపోతుంది.

కాంతిని నాణేలుగా మార్చే గొట్టం

మేస్ కెమెరా పళ్లెం ముందు గాలిలో వేలాడే పెద్ద పెట్టె. అందులో 1088 కళ్లు, పదహారేసి చొప్పున 68 పెట్టెల్లో. ఒక్కో కన్ను ఇంచున్నర వెడల్పున్న ఒక గాజు గొట్టం, ఫొటోమల్టిప్లయర్ ట్యూబు. వెలుగు కణం ముందున్న పలచని పూతను తాకితే ఒక ఎలక్ట్రాన్ ఊడి పడుతుంది. నాలుగు కణాలు తాకితే మూడుసార్లు ఏమీ జరగదు, ఒకసారి జరుగుతుంది, సుమారుగా. ఊడిన ఎలక్ట్రాన్‌ను వెయ్యి వోల్టుల పైచిలుకు విద్యుత్తు లాగి ఒక లోహపు రేకుకేసి కొడుతుంది. అక్కడ నాలుగైదు ఊడతాయి. అవి తర్వాతి రేకును కొడతాయి. చివరికి తీగలోకి వేల ఎలక్ట్రాన్లు చేరతాయి.

ఈ గొట్టాల్లో ఏ రెండూ కవలలు కావు. ఒకే కంపెనీ, ఒకే బ్యాచ్, ఒకే వోల్టేజీ, అయినా ఒకటి ఒక ఎలక్ట్రాన్‌కు ఇన్ని వేలిస్తే పక్కది దానికి రెండింతలివ్వొచ్చు. పైగా వోల్టేజీ ఒక్క శాతం మారితే ఫలితం నాలుగైదు శాతం మారుతుంది. చలికి ఒకలా, ఎండకు ఒకలా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ రేకులు అలసిపోతాయి.

అందుకే హైదరాబాద్ ల్యాబులో చక్కగా సరిచూసి పంపిన కెమెరా హాన్లే చేరాక అదే కెమెరా కాదు. అక్కడ చలికాలం రాత్రి మైనస్ 20 కిందికి పోతుంది. గాలి సముద్రమట్టంలో ఉన్నదానిలో ఐదింట మూడు వంతులే. గాలి పలచనైతే ఫ్యాను తిరిగినా వేడి సరిగా పోదు. బయట గడ్డకట్టే చలి, పెట్టె లోపల ఉక్కపోత. పలచని గాలిలో హై వోల్టేజీ నిప్పురవ్వ కూడా తేలిగ్గా దూకుతుంది. ఫ్యాక్టరీ నుంచి సర్టిఫికెట్‌తో వచ్చిన ప్రెషర్ గేజిని సైటులో మళ్లీ క్యాలిబ్రేట్ చేసి కొత్త స్టిక్కరు అంటించే మెయింటెనెన్స్ వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

1024 కల్లు లొట్లు

గొట్టం నుంచి వచ్చిన విద్యుత్ పల్స్ ఐదారు నానోసెకన్లు ఉంటుంది. దాని ఆకారాన్ని అంకెల్లో రాయాలి. నేరుగా అంత వేగంతో రాసే చిప్పులున్నాయి గానీ, 1088 కళ్లకు పెడితే కరెంటూ వేడీ తట్టుకోలేం. దీనికి స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ సంస్థలో ఒక తెలివైన చిప్ చేశారు. పేరు డీఆర్ఎస్-4. మేస్‌లో వాడేది అదే. స్పెయిన్ దీవి లా పాల్మాలోని మ్యాజిక్ టెలిస్కోపుల్లోనూ అదే.

తాటివనంలో ఒక గుండ్రటి తిరుగుడు బండ మీద 1024 లొట్లు వరసగా పెట్టారనుకోండి. పైన ఒక గొట్టం నుంచి కల్లు ఆగకుండా కారుతోంది. బండ తిరుగుతుంటే ఒక్కో లొట్టిలో నానోసెకను చొప్పున కల్లు పడుతుంది. చుట్టు పూర్తయితే మొదటి లొట్టిలోది ఒంపేసి మళ్లీ నింపుతారు. ఎవరో "ఆపు!" అని అరిస్తే బండ ఆగుతుంది. అప్పుడు తీరిగ్గా ఒక్కో లొట్టిలో ఎంతుందో కొలుచుకోవచ్చు. గడిచిన మైక్రోసెకను చరిత్ర మొత్తం లొట్లలో భద్రంగా ఉంటుంది. ఆ చిప్‌లో లొట్లంటే చిన్న చిన్న కెపాసిటర్లు, కల్లంటే విద్యుదావేశం. వేగంగా నింపడం, నెమ్మదిగా కొలవడం. చవగ్గా పని జరిగిపోతుంది.

చిక్కల్లా లొట్ల దగ్గరే. ప్రతి లొట్టి అడుగునా ఎంతో కొంత మడ్డి ఉంటుంది, దేని మడ్డి దానిదే. ఖాళీ అనుకున్న లొట్టి కూడా సున్నా చూపదు. 1024 లొట్లకు 1024 మడ్డి లెక్కలు, అలాంటి వరసలు కంటికొకటి. మొత్తం పది లక్షల పైచిలుకు సున్నాలు! ఒక్కోదాన్నీ విడిగా కొలిచి పట్టిక రాసుకోవాలి. పల్స్ పడేది ఐదారు లొట్లలోనే కాబట్టి అందులో రెండిటి మడ్డి ఎక్కువైనా లేని వెలుగు ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఇది నాకు భలే నచ్చింది. లొట్టి అడుగు మడ్డి ఎప్పుడూ ఒకేలా ఉండదు, కిందటిసారి దాన్ని కొలిచి ఎంతసేపైందన్న దాన్ని బట్టి మారుతుంది. నిలవున్న కల్లు పులిసినట్టే. మ్యాజిక్ వాళ్లు దీన్ని పట్టుకుని, ప్రతి లొట్టికీ "నిన్ను చివరిగా ఎప్పుడు చూశాను?" అని సమయం లెక్కేసి సున్నాను సవరించే పద్ధతి పెట్టారు. లొట్ల మూతుల వెడల్పులూ ఒకటి కావు. నానోసెకను అన్నది సగటు మాట, కొన్ని లొట్లు గొట్టం కింద కాస్త ఎక్కువసేపు ఉంటాయి, కొన్ని తక్కువసేపు. సమానంగా ఊగే ఒక విద్యుత్ తరంగాన్ని పంపి ఏ లొట్టి ఎంతసేపు నిలిచిందో విడిగా రాసుకుంటారు.

ఎవరు అరవాలి?

"ఆపు!" అని అరిచే పని ట్రిగ్గర్‌ది. హాన్లే ఎంత చీకటైనా చుక్కలుంటాయి, ఆకాశానికే తనదైన మసక వెలుగు ఉంటుంది. ఒక్కో కంటిలో అది సెకనుకు కోట్ల సంఖ్యలో ఎలక్ట్రాన్లు రాలుస్తూనే ఉంటుంది. ఒక్క కన్ను మెరిసిందని బండ ఆపితే పనే సాగదు. ఊళ్లో అర్ధరాత్రి ఒక కుక్క మొరిగితే ఎవరూ లేవరు. పక్కపక్క ఇళ్ల కుక్కలు నాలుగు ఒకేసారి అందుకుంటే మాత్రం దొంగో, చిరుతో అని తలుపు తీస్తారు. కెమెరా పద్ధతీ అదే. పక్కపక్కనే ఉన్న కొన్ని కళ్లు కొద్ది నానోసెకన్ల తేడాలో మెరిస్తేనే అరుపు.

"ఒకేసారి" అన్న మాటకు ఇక్కడ విలువ పెట్టాలి. తీగలో విద్యుత్ సంకేతం నానోసెకనుకు జానెడు దూరం పోతుంది. ఒక కంటి తీగ పక్కదాని కన్నా మీటరు పొడవుంటే ఐదు నానోసెకన్లు ఆలస్యం. అంటే మెరుపు అయిపోయాక కబురు అందుతుంది! గొట్టానికి వోల్టేజీ పెంచితే లోపలి ఎలక్ట్రాన్లు తొందరగా దూకుతాయి కాబట్టి, గుణకారం సరిచేద్దామని వోల్టేజీ తిప్పితే సమయం చెడుతుంది. దాన్ని దిద్దితే దీన్ని మళ్లీ చూసుకోవాలి.

సంజె వేళ దినచర్య

ఈ టెలిస్కోపులన్నిటి దగ్గరా రాత్రి పని ఇంచుమించు ఒకేలా మొదలవుతుంది. ముందు వెలుగు లేకుండా కెమెరాను ఉత్తినే వెయ్యిసార్లు చదివిస్తారు. వచ్చిన అంకెల సగటే సున్నా. దీన్ని పెడస్టల్ అంటారు, అంటే పీట. అసలు కొలత ఆ పీట మీద నిలబడుతుంది. నిజానికి పీటను కావాలనే కాస్త ఎత్తుగా పెడతారు. ఆకాశపు మసక సగటు కన్నా తగ్గిన క్షణాలు కూడా కనిపించాలి కదా. సున్నా అంచునే పెట్టుకుంటే కిందికి పోయినవన్నీ సున్నాగానే కనిపించి సగటు తప్పుతుంది.

తర్వాత మెరుపు. నీలి ఎల్ఈడీతో కొద్ది నానోసెకన్ల వెలుగు తునకలను కెమెరా మొత్తం మీద సమానంగా వేస్తారు. వెలుగు సమానం కాబట్టి అంకెలూ సమానం రావాలి. రావు. ఎక్కువ చూపిన కంటిని తగ్గించి, తక్కువ చూపినదాన్ని పెంచి పట్టిక కడతారు. అదే మెరుపుతో ఏ కన్ను ఎంత ఆలస్యమో కూడా తెలిసిపోతుంది.

పీటను రాత్రికోసారి వేసి వదిలేస్తే కుదరదు. పీత నెబ్యులా అనే పేలుడు శిథిలాన్నే చూడండి. దాని పక్కన ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ దూరంలో వృషభం కొమ్ము కొసన ఒక ప్రకాశమైన చుక్క ఉంది, పేరు జీటా టౌరి. మేస్ కెమెరా నాలుగు డిగ్రీల ఆకాశాన్ని చూస్తుంది కాబట్టి ఆ చుక్క ఎప్పుడూ చట్రంలోనే ఉంటుంది. రాత్రి గడిచేకొద్దీ ఆకాశం కెమెరా ముందు నెమ్మదిగా తిరుగుతుంటే, ఆ చుక్క ఒక కంటి నుంచి పక్క కంటికి నడుస్తూ పోతుంది. అది కూర్చున్న కన్ను వణకడం మొదలుపెడుతుంది, లేచిపోయాక నెమ్మదిస్తుంది. కాబట్టి అసలు పరిశీలన మధ్య మధ్యలోనే, మెరుపు లేని క్షణాల్లో, ఖాళీ కొలతలు తీసుకుంటూ పోవాలి. కాంటా కుర్రాడు లారీ లారీకీ మధ్య జీరో కొట్టినట్టు.

బాక్స్: క్యూసీ ల్యాబులో చేసేది ఇదే

బొల్లారం, ఖాజీపల్లి, పాశమైలారం మందుల ఫ్యాక్టరీల్లో క్యూసీ పని, అంటే నాణ్యత పరీక్ష, చేసేవాళ్లు ఈ పాటికి నవ్వుకుంటూ ఉంటారు. హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు కూర్చున్న కెమిస్టు మొదట బ్లాంక్ ఇంజెక్షన్ ఇస్తాడు, మందు లేని ఉత్తి ద్రావణం. అది పెడస్టల్. తర్వాత గాఢత తెలిసిన స్టాండర్డ్. అది ఎల్ఈడీ మెరుపు. ఆ తర్వాతే శాంపిల్, అంటే ఆకాశం. పీకు కింద ఏరియా కొలవడం, బేస్‌లైన్ ఊగితే తిట్టుకోవడం రెండు చోట్లా ఒకటే. తేడా ఒక్కటే. కెమిస్టు పీకు కళ్ల ముందే తీరిగ్గా ఎక్కి దిగుతుంది. ఇక్కడ పీకు వచ్చి పోయాకే దాన్ని చూడాలని తెలుస్తుంది.

లెక్కపెట్టకుండా లెక్కతేల్చడం

ఇప్పటిదాకా చేసింది కాంటాలన్నీ ఒకేలా చూపేట్టు చేయడమే. అవి చూపే అంకె దేనికి సమానం? 8,000 అని వస్తే ఎన్ని ఎలక్ట్రాన్లు? ఎల్ఈడీ కచ్చితంగా ఎంత వెలుగిచ్చిందో ఎవరికీ తెలియదు. తూకంరాయి మీద అంకె చెరిగిపోయిన పరిస్థితి.

ఇక్కడొక పాత ఉపాయం ఉంది. బుట్టతో పుచ్చకాయలు ఎత్తి కాంటా మీద పోస్తున్నారనుకోండి. ఒకసారి మూడు పడతాయి, ఒకసారి ఐదు. ముల్లు పిచ్చిగా ఎగిరిపడుతుంది. అదే బుట్టతో బియ్యం పోస్తే ముల్లు దాదాపు కదలదు. గది బయట నిలబడి ముల్లు మాత్రమే చూస్తున్నవాడు కూడా లోపల పోసేది పెద్ద వస్తువో చిన్న గింజో చెప్పగలడు. ఊగులాటలోనే గింజ సైజు దాగుంది.

వెలుగుకూ అంతే. సగటున వంద ఎలక్ట్రాన్లు రావలసిన మెరుపులో ప్రకృతి సహజంగానే ఓ పది అటూఇటూ అవుతాయి, అంటే పది శాతం. నాలుగు వందలు రావలసినచోట ఇరవై, అంటే ఐదు శాతమే. కాబట్టి ఎల్ఈడీని వెయ్యిసార్లు మెరిపిస్తే కెమెరా సగటున 8,000 చూపిస్తూ పది శాతం ఊగిందనుకుందాం. అయితే వచ్చినవి వంద ఎలక్ట్రాన్లు, ఒక్కోదాని విలువ 80. ఒక్క ఎలక్ట్రాన్‌ను కూడా విడిగా చూడకుండానే దాని తూకం తేలిపోయింది. గొట్టం తనంతట తాను కలిపే అదనపు ఊగులాట కొంత ఉంటుంది, దాన్ని ల్యాబులో ముందే కొలిచి తీసేస్తారు.

ఆరు స్టాండర్డ్ ఇంజెక్షన్ల మధ్య తేడా రెండు శాతం దాటితే క్యూసీలో సిస్టం ఫెయిలని రాస్తారు. అక్కడ తేడా అంటే తప్పు. ఇక్కడ ఆ తేడాయే సమాచారం. మెరుపులు అచ్చు గుద్దినట్టు ఒకేలా వస్తే ఈ టెలిస్కోపు వాళ్లు తల పట్టుకుంటారు.

ఆకాశమే ఇచ్చిన పడికట్టు రాయి

ఇదంతా కెమెరా సంగతి. ముందున్న అద్దాల మీద దుమ్ము పడుతుంది, మంచు పేరుతుంది, మెరుగు తగ్గుతుంది. ఎల్ఈడీ నేరుగా కెమెరా ముఖాన మెరుస్తుంది కాబట్టి అద్దం పాపం దానికి తెలియదు. అద్దంతో సహా మొత్తాన్ని ఒకేసారి తూచాలంటే బయటి నుంచి పడికట్టు రాయి కావాలి.

దాన్ని మ్యూఆన్లు తెచ్చిస్తాయి. పై నుంచి ప్రోటాన్లు గాలిని కొట్టినప్పుడు పుట్టే కణాలివి. ఎలక్ట్రాన్‌కు బరువైన అన్నలు, దానికి రెండు వందల రెట్లు. ఇవి జల్లుగా చెదరకుండా తిన్నగా నేల దాకా దూసుకొస్తాయి. టెలిస్కోపు అద్దానికి దగ్గరగా ఒకటి పోతే దాని నీలి వెలుగు కెమెరాలో చక్కని ఉంగరంలా పడుతుంది. ఉంగరం ఎంత వెడల్పో చూస్తే మ్యూఆన్ వేగం తెలుస్తుంది. వేగం తెలిస్తే అది ఎంత వెలుగు ఇచ్చి ఉండాలో భౌతికశాస్త్రం చెబుతుంది, ఎవరి మాటా నమ్మక్కర్లేదు. లెక్క ప్రకారం ఇంత రావాలి, కెమెరా చూపింది ఇంత. రెండిటి నిష్పత్తిలో అద్దం మెరుగు, గొట్టాల చూపు, లొట్ల మడ్డి అన్నీ కలిసి వచ్చేస్తాయి. గామా వేటగాళ్లు ఏరి పారేయాల్సిన కణమే వాళ్ల కాంటాకు తనిఖీ అధికారి కావడం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

చివరి మెట్టు

కాంటా సరిగ్గా ఉందనడానికి ఆఖరి పరీక్ష పీత నెబ్యులా. 1054లో చైనా జ్యోతిష్కులు పట్టపగలు చూసిన పేలుడు శిథిలం అది. 6,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నా స్థిరంగా గామా కిరణాలు పంపుతూనే ఉంటుంది. 1989లో అమెరికాలోని విపుల్ టెలిస్కోపు దాన్ని పట్టుకోవడంతోనే ఈ రంగం నిజంగా మొదలైంది. ఆ తర్వాత కట్టిన ప్రతి టెలిస్కోపూ ముందు పీతను చూసి, మిగతావాళ్ల అంకెలతో తన అంకె పోల్చుకుంటుంది. మేస్ కూడా 2021లో దానితోనే కళ్లు తెరిచింది. ఆ తూకం కుదిరాక 2022 చివర్లో, 20 కోట్లకు పైగా కాంతి సంవత్సరాల అవతలి ఎన్‌జీసీ 1275 గెలాక్సీ ఉన్నట్టుండి భగ్గుమన్నప్పుడు, "ఇంత పెరిగింది" అని అంకె వేసి చెప్పగలిగింది. పీట ఊగే కెమెరా అయితే పెరిగింది గెలాక్సీయా, లొట్టిలో మడ్డా అన్నది తేలేది కాదు.

ఇంత చేసినా, ఈ తరహా టెలిస్కోపుల శక్తి కొలతలో పదిహేను శాతం దాకా అనుమానం మిగులుతుంది. అంత తేడా ఉన్న కాంటా ఇస్నాపూర్‌లో దొరికితే తూనికలు కొలతల శాఖ వాళ్లు సీలు వేసి పోతారు. ఇక్కడ దోషం లొట్లదీ కాదు, గొట్టాలదీ కాదు, చాలా మేరకు గాలిది. పది కిలోమీటర్ల ఎత్తున మెరిసిన వెలుగు కెమెరాను చేరేలోపు ఎంత దుమ్ము, ఎంత తేమ, ఏ రుతువులో ఎంత సాంద్రత దాటిందన్నది రాత్రి రాత్రికీ మారుతుంది. అసలు ఈ కాంటాకు ప్లాట్‌ఫారం ఆ గాలే. దాని మీద నిలిచిన బురద ఎంతో చూడటానికి కొన్ని చోట్ల ఆకాశంలోకి లేజర్ కొట్టి, తిరిగొచ్చే వెలుగును తూస్తున్నారు.